మూగబోయిన మూడు గింజలు

తెర మీద పచ్చదీపం వెలుగుతోంది. మంద క్షేమమని దాని అర్థం.

ఫోనులో వదిన ఎల్లవ్వ మాత్రం వేరే మాట చెబుతోంది.

"నాగవేణీ, మీ అన్న కనవడ్త లేడు. తెల్లారంగ మంద ఎనక ఉండె. ఇప్పుడు లేడు. వాగొచ్చింది."

నాగవేణి చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టానని అనుకుంది గానీ అంచు మీద పెట్టింది. గ్లాసు కిందపడి పగిలినా ఆమె తల తిప్పలేదు.

"సాయన్న యాడున్నడు వదినా?"

"నా పక్కనే ఉన్నడు. గుట్టెక్కితే గాని ఫోను కలువలే. పలకల పచ్చగనే ఉండె, బావ వస్తనే ఉన్నడనుకుంటి అంటడు. నీ దీపం సూసి ఎనకకు సూడలేదంట."

ఆ గొంతులో నింద లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే. నిందించి ఉంటే నాగవేణికి కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ దీపం ఆమె పెట్టిందే. కాపరి చేతిలో ఉండే ఆ తెర పలక, దానితో మాట్లాడే గింజలు కూడా ఆమె చేసినవే. పాలమూరు కురుమల ఇంట పుట్టి, మంద వెంట నడిచి, ఆ తరువాత హైదరాబాదులో ఈ ప్రయోగశాలకు చేరిన మనిషి ఆమె. తన పైఅధికారి కోదండపాణితో కలిసి జొన్నగింజంత కంప్యూటరు తయారుచేసింది. గొర్రె చెవికి కుట్టిన చిన్న బిళ్లలో ఒక గింజ ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. గొర్రె ఒంటి వేడే దానికి తిండి. ధర ఒక చాక్లెట్టు ధర.

అంత చవకగా రావాలంటే ఎన్నో వదులుకోవాలి. గింజకు ఆకాశంలోని ఉపగ్రహాలతో పని లేదు, అంత శక్తి దానికి ఎక్కడిది? దాని మాట ఇరవై బారల దూరం దాటదు, అంతకు మించి వెనకబడిన గింజ ఊసు మందకు ఉండదు. ఎనిమిది సంగతులకు మించి దానికి గుర్తుండదు, తొమ్మిదోది వస్తే మొదటిది జారిపోతుంది. తయారీలో రాసిన బుద్ధి జీవితాంతం అదే బుద్ధి, దూరం నుంచి మార్చడం ఎవరివల్లా కాదు. ఒక్క గింజను చూస్తే వట్టి మొద్దు. మంద మొత్తం మీద ఉన్న గింజలు ఒక చెవి నుంచి ఇంకో చెవికి కబుర్లు చెప్పుకుంటూ పోతే మాత్రం, ఆ మొద్దులన్నీ కలిసి ఒక తెలివిగా మారతాయి.

గింజలు గొర్రెల చెవులకే కాదు, రాళ్లకూ ఉన్నాయి. ఎండాకాలంలో నాగవేణి, ఆమె అన్న బీరయ్య కలిసి మంద తిరిగే దారంతా, పక్కనున్న వాగు వెంటా నడిచారు. బండలకు, గుండ్లకు లక్కతో గింజలు అతికించారు. ఎండకు కాగిన రాయి వేడితో అవి బతుకుతాయి, వాన వచ్చినా రాయి చల్లారేదాకా పలుకుతాయి. ప్రతి రాయికి బీరయ్య చెప్పిన పేరే పెట్టింది. గొర్రె ఆ రాయి పక్కనుంచి పోతే చెవిలోని గింజ ఆ పేరు వింటుంది. అదే దాని లోకజ్ఞానం.

ఆమె కారు తాళాలు, ఒక చిన్న డబ్బా తీసుకుంది. డబ్బాలో చదివే సూది ఉంది. గొర్రెలకాపరి చేతిలోని పలక మంద కబుర్లను దూరం నుంచి వింటుంది. సూది అలా కాదు, గింజను తాకించాలి. తాకిస్తే లోపల ఉన్నదంతా కక్కిస్తుంది. ప్రయోగశాలలో అలాంటి సూది ఒక్కటే ఉంది.

* * *

శ్రీశైలం దారిలో కారు పోతుండగా ఆమె కోదండపాణికి ఫోన్ చేసింది. గుట్ట మీద ఫోను కలిసినప్పుడు పలక పంపిన వివరాలన్నీ ఆయన ముందున్నాయి. ఆయన ఓపిగ్గా చదివి చెప్పాడు. మంద దిబ్బ దారి మీద ఉంది. ఒంటి వేడి మామూలుగానే ఉంది. మూడు గింజలు మూగబోయాయి.

మూడు పోవడం పెద్ద విషయం కాదని ఆయన అన్నాడు. తడికి, రాపిడికి రోజుకు మూడో నాలుగో పోతూనే ఉంటాయి. ఆ మాట నిజమే. చవక సరుకు అబద్ధాలాడుతుంది. వానకు తడిసిన గింజ తన గొర్రె చచ్చిపోయిందని చెబుతుంది. ముళ్లకు గీరుకున్న గింజ గొర్రె తలకిందులుగా నడుస్తోందని చెబుతుంది. అందుకే వాళ్లు ఒక కట్టుబాటు రాశారు. ఏ గింజ మాటైనా చుట్టూ ఉన్న గింజల మాటతో కలవకపోతే, ఆ గింజకు మతి తప్పినట్టు లెక్క. అది నోరు మూసుకోవాలి. నోటితో పాటు చెవులూ మూసుకోవాలి.

ఆ కట్టుబాటు రాసిన రోజున నాగవేణి ఆయన్ను అడిగింది. ఆ ఒక్కటే నిజం చెబుతుంటేనో?

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ జవాబు చెప్పాడు. "అందరూ తప్పై ఒక్కటే నిజమయ్యే రోజు ఎప్పుడో గాని రాదమ్మా. ఒక్కటి అబద్ధమాడే రోజు మాత్రం రోజూ వస్తుంది. ఏ రోజుకు తగ్గట్టు చెయ్యమంటావు?"

ఆమె కట్టుబాటు అలాగే రాసింది. పాపమనిపించి ఒక సవరణ మాత్రం చేర్చింది. మూగబోయిన గింజ అరపూట ఆగి, తన జ్ఞాపకమంతా తుడిచేసుకుని, మళ్లీ కొత్తగా మొదలుపెట్టవచ్చు. దోషికి రెండో అవకాశం. ఆ దయ గురించి ఆమె కొంచెం గర్వపడింది కూడా.

కల్వకుర్తి దాటాక ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"సార్, ఆ మూడు ఎప్పుడు మూగబోయాయి?"

కాగితాల చప్పుడు వినిపించింది. తరువాత ఆయన గొంతు మారింది.

"ఒకదాని వెనుక ఒకటి. మూడూ పొద్దు పొడిచిన కాసేపటికే."

తడికి చెడేవైతే ఒకటి ఇప్పుడు, ఒకటి రాత్రి చెడతాయి. ఒకేసారి వరసగా మూడు చెడవు. మూడూ కలిసి ఏదో ఒకటే చెప్పాయి. మంద వాటి నోరు నొక్కింది. నోరు మూసుకున్న గింజ వినడం కూడా మానేస్తుంది గనుక దానిలోకి కొత్త సంగతి చేరదు. తక్కిన గింజల జ్ఞాపకాల్లో పొద్దుటి సంగతులు ఎప్పుడో జారిపోయి ఉంటాయి. ఆ మూడింటిలో మాత్రం పొద్దుటి సంగతి అలాగే ఉంది.

అరపూట దాకా ఉంటుంది. ఆ తరువాత ఆమె దయ వల్లే తుడిచిపెట్టుకుపోతుంది.

"దాన్ని ఇక్కడినుంచి ఆపలేం కదా సార్," అంది, తెలిసే.

"ఆపగలిగేట్టు చేస్తే అది చాక్లెట్టు ధరకు రాదు," అన్నాడాయన. ఆ మాట ఆయన ఎన్నో సభల్లో నవ్వుతూ చెప్పాడు. ఈసారి నవ్వలేదు.

ఆమె కారు వేగం పెంచింది.

* * *

అడవి అంచున దిబ్బ మీద మంద నిలబడి ఉంది. గొర్రెలు వానకు తడిసి ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చుకున్నాయి. కింద వాగు ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. పొద్దున మంద బయల్దేరినప్పుడు ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. పైన గుట్టల్లో కురిసిన వాన కిందికి రావడానికి ఎంతసేపు పట్టింది గనుక.

పక్క ఊరి మనుషులు కొందరు పైకి, కానుగ చెట్ల వైపు వెతకడానికి పోయారు. బీరయ్య చివరిసారి కనిపించింది అక్కడే. ఇంకొందరు వాగు వెంట చాలా కిందికి పోయారు. వాళ్లు దేనికోసం వెతుకుతున్నారో ఎవరూ బయటికి అనలేదు.

ఎల్లవ్వ కొంగు నడుముకు చుట్టి, కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆడబిడ్డను చూసి ఏడవలేదు. "అచ్చినవా" అని మాత్రం అంది. ఆమె తమ్ముడు సాయన్న ఒక రాయి మీద తల వంచుకుని కూర్చున్నాడు. మందకు ముందు నడిచేది అతనే. తోకన నడిచేది బీరయ్య.

ఆ ఇంటి కురుమలు గొర్రెలను లెక్కపెట్టరు. లెక్కపెడితే దిష్టి అంటారు. దానికి బదులు కూత ఉండేది. ముందున్నవాడు ఉండి ఉండి ఒక కూత వేస్తాడు. తోకన ఉన్నవాడు బదులు వేస్తాడు. బదులు రాకపోతే మంద నిలబడిపోవాలి. తాతల నాటి పద్ధతి. పలక వచ్చాక కూత ఆగిపోయింది. పచ్చదీపం ఉండగా గొంతు నొప్పి పెట్టుకోవడం ఎందుకని ముందు నవ్వింది బీరయ్యే.

"సాయన్నా," అంది నాగవేణి. "మందల ఏది లేదో సూసి చెప్పు."

అతను లేచి మంద మీద ఒకసారి చూపు తిప్పాడు. సంతలో చుట్టాన్ని వెతికినట్టు చూశాడు.

"బొల్లిమూతిది లేదు వదినె. సూడిది. ఇయ్యాలో రేపో ఈనేటిది." అతను నుదురు కొట్టుకున్నాడు. "బావ దానికోసమే ఆగిండు. పొద్దుగాల్ల ఎనకకు సూసుంటే నాకప్పుడే ఎరుకైతుండె."

"తరువాత తిట్టుకుందువు గాని. దాని ఎనకంటి తిరిగేటివి ఏమన్న ఉన్నయా?"

"దాని బిడ్డలున్నయి. మూడు. తల్లి తోక ఇడువవు."

మూడు.

అక్కాతమ్ముళ్లు మందలోకి దూరారు. మొదటి గొర్రె దొరికేసరికి నాగవేణి సూది తీసి సిద్ధంగా ఉంది. దాని చెవి పట్టుకుని తాకించింది. చిన్న తెర మీద ఖాళీ గీతలు. ఈ గింజ అప్పటికే తుడుచుకుని కొత్తగా పుట్టింది.

ఆమె ఆ చెవి వదిలేసింది. రెండోదాన్ని సాయన్న కాళ్లు పట్టి లాక్కొచ్చాడు. సూది తాకేలోపే ఆ గింజ గుడ్డిగా ఒకసారి మెరిసింది. అది కొత్త జన్మ గుర్తు. తెర మీద మళ్లీ ఖాళీ.

మూడోది భయపడి మంద నడుమకు పరుగెత్తింది. ఎల్లవ్వ కర్ర పారేసి దానివెంట పడింది. గొర్రెల మీద బోర్లా పడి దాని మెడ రెండు చేతులా చుట్టేసింది.

"ఉండవే ముండా, నీ కాలు మొక్కుత," అని దాని చెవి దగ్గర బతిమాలింది.

నాగవేణి బురదలో మోకాళ్ల మీద కూర్చుని సూది తాకించింది.

అక్షరాలు వచ్చాయి. అన్న నోటి పేర్లు ఒక్కొక్కటే తెర మీద నిలిచాయి. కానుగ చెట్లు. గుడ్డి చెలిమ. తేనె బండ. పాముల వంపు. ఇసుక మేట. జంటగుండ్లు. మళ్లీ ఇసుక మేట. మళ్లీ పాముల వంపు.

ఆమె చదువుతుండగానే గింజ ఒకసారి మెరిసింది. చెవిలో ఏమీ మిగల్లేదు. అప్పటికే తెర మీదికి వచ్చినవి మాత్రం ఉన్నాయి.

"జంటగుండ్ల దాక పొయ్యి మర్రినయి," అంది. "అన్న దాన్ని వానకు తడువకుండ కిందికి తోల్కపొయ్యిండు. బిడ్డలు ఎనకంటి పొయ్యినయి. నువ్వు ఈల ఏస్తే మంద దిక్కు ఉరికొచ్చినయి. వచ్చి, మేం జంటగుండ్ల కాడినుంచి వస్తున్నమని చెప్పినయి. మందంత దిబ్బ మీద ఉండె. మీకు పిచ్చి లేసిందని మంద వాటి నోరు మూసింది."

"అటు ఎవలు పోలే," అన్నాడు సాయన్న. "అది దారి గాదు గదా."

అతను అప్పటికే పరుగెత్తుతున్నాడు.

* * *

జంటగుండ్లు వాగు ఒంపులో ఉన్నాయి. దారి మీదినుంచి చూస్తే కనబడవు. ముగ్గురూ ముళ్లపొదలు తోసుకుంటూ అక్కడికి చేరేసరికి గుండ్ల సగం దాకా నీళ్లున్నాయి. మనిషి లేడు. గొర్రె లేదు. ఇసుక మేట పూర్తిగా మునిగిపోయింది.

నాగవేణి సూది వంక చూసింది. గింజకు తెలిసింది ఇంతవరకే. ఇక్కడినుంచి బిడ్డలు వెనక్కి మళ్లాయి. తరువాత ఏం జరిగిందో చెప్పడానికి ఇక్కడ ఏ చెవీ లేదు.

నీళ్ల హోరు తప్ప ఏమీ వినబడటం లేదు. సాయన్న అక్క ముఖం చూడలేక నీళ్లవైపు తిరిగాడు.

ఎల్లవ్వ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. కూత వేసింది. కడుపులోంచి లేచి, కొసకు సన్నబడి, గుట్టకు తగిలి తిరిగొచ్చే కూత. ఆ ఇంటి ఆడవాళ్లు ఎన్నడూ మంద ముందు గాని తోకన గాని నడవలేదు. అయినా ఆమెకు అది వచ్చు. పెళ్లయిననాటినుంచి పలక వచ్చేదాకా రోజూ విన్న కూత.

బదులు రాలేదు.

ఎల్లవ్వ మళ్లీ వేసింది. ఈసారి నాగవేణి కూడా గొంతు కలిపింది. గొంతు చీలింది గానీ ఆగలేదు.

గుండ్ల అవతలి పక్కనుంచి, నీళ్ల కింద నుంచి వచ్చినట్టుగా, ఒక బదులు వచ్చింది. అది కూత కాదు. కూతకు కావలసినంత బలం లేని మనిషి చేసిన చప్పుడు. దానిమీదినుంచి ఇంకో సన్నని అరుపు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల అరుపు.

గుండ్ల సందులో, నీటికి జానెడు పైన ఉన్న అరుగు లాంటి రాతి మీద బీరయ్య ఉన్నాడు. వరద తోసుకొచ్చిన బండ ఒకటి అతని ఎడమ కాలిని మోకాలు దాకా నొక్కి పట్టింది. గొంగడిని కొప్పెర ముసుగులా తలమీదినుంచి వేసుకుని, దాని మడతలో పిల్లను ఛాతీకి కట్టుకున్నాడు. బొల్లిమూతిది కొట్టుకుపోయింది. బీరయ్య పెదవులు నల్లబడ్డాయి. చెల్లెలిని చూసి వాటిని కష్టపడి కదిపాడు.

"ఏమే, నీ దీపం పచ్చగనే ఉన్నదా?"

"పచ్చగనే ఉన్నది అన్నా," అంది నాగవేణి.

అతను నవ్వబోయి స్పృహ తప్పాడు.

* * *

ప్రాణం నిలిచింది. కాలు కూడా నిలిచింది గానీ మోకాలు వంగదని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో తిరగవచ్చు, కర్రతో ఊరి చివరిదాకా పోవచ్చు. మంద వెంట నడవడం మాత్రం ఇక లేదు. బీరయ్య ఆ మాట విని తల ఊపాడు. తరువాత, పిల్ల పాలు తాగుతోందా అని అడిగాడు.

ప్రయోగశాలలో నాగవేణి ఆ కట్టుబాటు తీసేయాలంది. కోదండపాణి వాదించలేదు. కట్టుబాటు లేని గింజలు కొన్ని చేయించి ఇచ్చాడు, పోయి చూడమన్నాడు. ఆమె వాటిని ఊళ్లో ఒక చిన్న మందకు కట్టించింది. సాయంత్రానికి పలక పిచ్చెత్తినట్టు కూసింది. చావని గొర్రెలు చచ్చాయంది, ఎండలో నిలబడిన గొర్రె మునిగిపోయిందంది. రెండో రోజుకు కాపరి దాన్ని గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టేశాడు. అబద్ధాలాడే గింజకూ నిజం చెప్పే గింజకూ తేడా గింజకే తెలియదు. దాన్ని కనుక్కునేంత తెలివి జొన్నగింజంత చోట్లో పట్టదు. పట్టిస్తే ధర పెరుగుతుంది. ధర పెరిగితే ఏ గొర్రెల కాపరి కొంటాడు?

చాలా రోజులు ఆలోచించింది. చివరికి గింజలో ఒక్కటే మార్చింది. మూగబోయిన గింజ ఇక జ్ఞాపకం తుడుచుకోదు, ఎవరైనా వచ్చి చూసి తట్టి లేపేదాకా అలాగే ఉంటుంది. తరువాత పలక విప్పి అందులో ఇంకోటి మార్చింది.

కోదండపాణి కొత్త పలకను తిప్పి తిప్పి చూశాడు.

"పచ్చదీపం ఏదమ్మా?"

"తీసేశాను సార్. అంతా క్షేమమని చెప్పే తాహతు దానికి లేదు. ఏ గింజైనా మూగబోతే పసుపు దీపం వెలుగుతుంది. పోయి చూడు అని. అంతవరకే చెప్పగలదు."

"రోజుకు నాలుగుసార్లు ఊరికే నడవాలి వాళ్లు."

"నడవాలి," అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పలకను ఆమె చేతికి తిరిగిచ్చాడు.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక మంద మళ్లీ కదిలింది. ముందు సాయన్న. తోకన, బీరయ్య గొంగడి భుజాన వేసుకుని ఎల్లవ్వ. ఆడమనిషి మంద తోకన నడవడమేమిటని ఊళ్లో నలుగురు గొణిగారు. ఎవరికైనా కాళ్లు ఖాళీగా ఉంటే రమ్మను, గొంగడి ఇస్తానంది ఎల్లవ్వ. ఎవరూ రాలేదు. గుండ్ల నడుమ పుట్టిన పిల్ల ఇప్పుడు కొవ్వెక్కి ఆమె మడమలు పొడుచుకుంటూ నడుస్తోంది.

బీరయ్య ఊరి చివర బండ మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నాగవేణి. మంద దుమ్ములో చెరువు మలుపు దాటింది. చాలా దూరాన సాయన్న ఆగడం కనిపించింది. పలక ఎత్తి చూసుకున్నాడు.

"పసుపైనట్టున్నది," అంది నాగవేణి. "ఊరికేనేమో అన్నా. కొత్త బిళ్ల, రాపిడికి చెడుంటది."

బీరయ్య మెడ చాచి చూశాడు. దూరంగా సాయన్న వెనక్కి తిరిగి కూత వేశాడు. మంద నిలబడిపోయింది.

బదులు వెంటనే రాలేదు. దుమ్ము నెమ్మదిగా కిందికి దిగింది. బీరయ్య చెయ్యి కర్ర మీద బిగుసుకుంది.

అప్పుడు తోకనుంచి ఎల్లవ్వ బదులు వచ్చింది. కూత చివర తమ్ముణ్ని ఏదో తిట్టింది కూడా. గాలికి మాట అందలేదు గానీ తిట్టేనని తెలుస్తూనే ఉంది.

బీరయ్య కర్ర వదిలి, వంగని కాలిని రెండు చేతులా సర్దుకుని, బండ మీద వెనక్కి వాలాడు.

"తిడ్తున్నదంటే మంచిగనే ఉన్నట్టు," అన్నాడు.